వెళ్లినవాళ్లు రికార్డుల్లో పార్టీలోనే.. మాట్లాడినవాళ్లపై వేటు! ప్రతిపక్షంలో విధేయత లెక్క ఏంటి? చట్టం ఏం చెబుతోంది?

పది మంది ఎమ్మెల్యేలు. బీఆర్ఎస్ టికెట్‌పై గెలిచారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిని కలిశారు, కండువాలు కప్పించుకున్నారు. పార్టీ ఫిరాయించారంటూ బీఆర్ఎస్ కోర్టుల దాకా వెళ్లింది. కానీ 2025 డిసెంబర్ నాటికి కూడా అసెంబ్లీ రికార్డుల్లో వాళ్లు బీఆర్ఎస్ ఎమ్మెల్యేలే.

మరోవైపు కల్వకుంట్ల కవిత. ఏ పార్టీలోకీ వెళ్లలేదు. సొంత పార్టీలో ఉంటూనే సొంత పార్టీ నేతలపై నోరు విప్పారు. మరుసటి రోజే సస్పెన్షన్ లెటర్ వచ్చేసింది.

ఒకే పార్టీ, ఒకే టైమ్. సైలెంట్‌గా గీత దాటారన్న ఆరోపణలు ఉన్నవాళ్ల సీటు పదిలం. బయటకు మాట్లాడిన కేసీఆర్ కూతురికి పార్టీలో చోటు లేదు. ఇదెలా సాధ్యం? ఇందులో చట్టం పాత్ర ఎంత, పార్టీ పాత్ర ఎంత? అధికారం పోయాక ఏ పార్టీలోనైనా విధేయత ఎందుకు అంత త్వరగా కరిగిపోతుంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

లెక్క ఎక్కడ మొదలైంది?

2001 ఏప్రిల్ 27న టీఆర్ఎస్ పుట్టింది. 2014లో 63 సీట్లు, 2018లో 88 సీట్లు గెలిచింది. 2022లో పేరు బీఆర్ఎస్‌గా మారింది. 2023 డిసెంబర్ 3న వచ్చిన ఫలితాల్లో సీన్ రివర్స్ అయింది. మొత్తం 119 సీట్లలో కాంగ్రెస్‌కు 64, బీఆర్ఎస్‌కు 39, బీజేపీకి 8, ఎంఐఎంకు 7, సీపీఐకి 1 వచ్చాయి. కేసీఆర్ గజ్వేల్‌లో గెలిచారు గానీ కామారెడ్డిలో ఓడిపోయారు.

39 అంటే చిన్న నంబర్ కాదు. బలమైన ప్రతిపక్షానికి సరిపోయే బలమే. కానీ 2024 మార్చి నుంచి కారు దిగేవాళ్ల వరుస మొదలైంది. దానం నాగేందర్, కడియం శ్రీహరి, తెల్లం వెంకట్రావు, పోచారం శ్రీనివాస్ రెడ్డి, సంజయ్ కుమార్, కాలె యాదయ్య, బండ్ల కృష్ణమోహన్ రెడ్డి, ప్రకాశ్ గౌడ్, అరెకపూడి గాంధీ, గూడెం మహిపాల్ రెడ్డి. జులై మధ్యకల్లా బీఆర్ఎస్ ఫిర్యాదు చేసిన ఎమ్మెల్యేల సంఖ్య పదికి చేరింది. అదే జులైలో ఆరుగురు ఎమ్మెల్సీలు కూడా కాంగ్రెస్ గూటికి చేరారు.

ఈ మధ్యలో లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. రాష్ట్రంలోని 17 సీట్లలో బీఆర్ఎస్‌కు ఒక్కటీ రాలేదు. కాంగ్రెస్, బీజేపీ చెరో 8 పంచుకుంటే ఎంఐఎం 1 నిలబెట్టుకుంది. పార్టీలో ఉండాలా వద్దా అని ఊగిసలాడుతున్న వాళ్లకు ఈ రిజల్ట్ ఏం చెప్పి ఉంటుందో ఊహించడం కష్టమేం కాదు.

అసలు ఎందుకు వెళ్తారు?

పార్టీ మారిన ప్రతి నేతా చెప్పే మాట ఒక్కటే. 'నియోజకవర్గ అభివృద్ధి కోసం'. వినడానికి రొటీన్ డైలాగ్‌లా ఉన్నా, దీని వెనక ఒక గ్రౌండ్ రియాలిటీ ఉంది.

ఎమ్మెల్యే దగ్గరికి జనం చట్టాలు చేయమని రారు. ఇల్లు కావాలని వస్తారు. పెన్షన్ ఆగిందని, రోడ్డు పడలేదని, సీఎం రిలీఫ్ ఫండ్ చెక్కు రాలేదని వస్తారు. ఆ పనులు చేయాల్సిన ఆఫీసర్లు ప్రభుత్వం వైపు చూస్తారు. ప్రతిపక్ష ఎమ్మెల్యే ఫోన్ చేస్తే 'చూస్తాం సార్' అంటారు. అదే సీటులో ఓడిపోయిన అధికార పార్టీ ఇన్‌ఛార్జ్ చెబితే పని అవుతుంది. గెలిచినాయన ఖాళీగా, ఓడినాయన బిజీగా ఉండే సీన్ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జనం చూసిందే.

అధికారంలో ఉన్నప్పుడు నాయకుడి దగ్గర పంచడానికి చాలా ఉంటుంది. మంత్రి పదవులు, కార్పొరేషన్లు, ఫండ్స్. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ఆయన ఇవ్వగలిగింది ఒక్కటే, 'వచ్చేసారి మనమే' అనే నమ్మకం. ఆ నమ్మకం బలంగా ఉంటే క్యాడర్, లీడర్ ఇద్దరూ నిలబడతారు. అది సడలితే ఐదేళ్లు ఖాళీగా కూర్చోవడానికి అందరూ రెడీగా ఉండరు.

చట్టం ఏం చెబుతోంది?

ఫిరాయింపులు ఆపడానికే 1985లో 52వ సవరణతో రాజ్యాంగంలో పదో షెడ్యూల్ చేర్చారు. సింపుల్‌గా చెప్పాలంటే రెండు పనులు చేస్తే పదవి పోతుంది. ఒకటి, పార్టీ సభ్యత్వాన్ని స్వచ్ఛందంగా వదులుకోవడం. రెండు, సభలో పార్టీ విప్‌ను కాదని ఓటేయడం లేదా ఓటింగ్‌కు దూరంగా ఉండడం.

'స్వచ్ఛందంగా వదులుకోవడం' అంటే రాజీనామా లెటర్ ఇవ్వడమేనా? కాదు. ప్రవర్తనను బట్టి కూడా నిర్ణయించొచ్చని సుప్రీంకోర్టు 1994లోనే రవి నాయక్ కేసులో చెప్పింది.

మొదట్లో మూడింట ఒక వంతు మంది కలిసి చీలిపోతే వేటు పడేది కాదు. 2003లో 91వ సవరణతో ఆ దారి మూసేశారు. ఇప్పుడు మిగిలింది విలీనం ఒక్కటే. పార్టీ శాసనసభ్యుల్లో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే విలీనం లెక్కలోకి వస్తుంది.

అప్పుడు 12.. ఇప్పుడు 10.. తేడా ఏంటి?

ఇక్కడే అసలు ట్విస్ట్ ఉంది. ఇప్పుడు ఫిరాయింపులపై పోరాడుతున్న బీఆర్ఎస్, అధికారంలో ఉన్నప్పుడు ఇదే రూట్‌లో వెళ్లింది.

2014లో తెలంగాణలో టీడీపీ 15 సీట్లు గెలిచింది. వాళ్లలో తలసాని శ్రీనివాస్ యాదవ్ అదే ఏడాది డిసెంబర్‌లో టీఆర్ఎస్ కేబినెట్‌లో మంత్రి అయ్యారు. 2016 వచ్చేసరికి 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమైనట్టు స్పీకర్ గుర్తించారు. 2018లో కాంగ్రెస్ 19 సీట్లు గెలిచింది. నల్గొండ ఎంపీగా గెలిచిన ఉత్తమ్ కుమార్ రెడ్డి ఎమ్మెల్యే పదవి వదులుకోవడంతో ఆ 19 కాస్తా 18 అయింది. 18లో మూడింట రెండొంతులు అంటే 12. కరెక్టుగా 12 మంది 2019 జూన్‌లో టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. కాంగ్రెస్‌కు మిగిలింది ఆరుగురు. మల్లు భట్టి విక్రమార్కకు ప్రతిపక్ష నేత హోదా పోయింది. 7 సీట్లున్న ఎంఐఎం సభలో రెండో పెద్ద పార్టీ అయింది.

ఆ విలీనాన్ని గుర్తించిన స్పీకర్ పోచారం శ్రీనివాస్ రెడ్డి. ఇప్పుడు బీఆర్ఎస్ అనర్హత పిటిషన్లు వేసిన పది మందిలో ఆయన కూడా ఒకరు. తెలంగాణ రాజకీయం ఎంత ఫాస్ట్‌గా తిరిగిందో చెప్పడానికి ఈ ఒక్క పేరు చాలు.

మరి ఇప్పుడు తేడా ఎక్కడొచ్చింది? బీఆర్ఎస్ 39 మందిలో మూడింట రెండొంతులు అంటే 26. కంటోన్మెంట్ ఎమ్మెల్యే లాస్య నందిత మరణం తర్వాత 38 అనుకున్నా సరే, 26 మందే కావాలి. సంఖ్య పది దగ్గర ఆగిపోయింది. కాబట్టి 'విలీనం' అనే గొడుగు లేదు. ఎవరి కేసు వాళ్లే చూసుకోవాలి. అందుకే వాళ్ల వాదన కూడా మారింది. సీఎంను కలిసింది నియోజకవర్గ పనుల కోసమేనని, తాము బీఆర్ఎస్‌లోనే ఉన్నామని చెప్పారు.

బంతి స్పీకర్ కోర్టులో.. ఎన్నాళ్లు?

అనర్హతపై నిర్ణయం తీసుకునేది స్పీకర్. 1992లో కిహోటో హోలోహాన్ కేసులో సుప్రీంకోర్టు ఈ అధికారాన్ని సమర్థించింది. అయితే ఆ నిర్ణయాన్ని కోర్టులు సమీక్షించొచ్చని కూడా చెప్పింది. సమస్యేంటంటే పదో షెడ్యూల్‌లో డెడ్‌లైన్ లేదు. స్పీకర్ నిర్ణయం తీసుకోకుండా టైమ్ గడిపేస్తే సమీక్షించడానికి ఏమీ ఉండదు. టర్మ్ అయిపోతుంది, కేసూ అయిపోతుంది. మామూలుగా మూడు నెలల్లో తేల్చాలని 2020లో మణిపుర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ పని స్వతంత్ర ట్రిబ్యునల్‌కు అప్పగించే ఆలోచన చేయాలని పార్లమెంటుకు సూచించింది కూడా.

తెలంగాణ కేసులో పాడి కౌశిక్ రెడ్డి తదితరులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2025 జులై 31న అప్పటి సీజేఐ జస్టిస్ బీఆర్ గవాయ్, జస్టిస్ ఏజీ మసీహ్ ధర్మాసనం స్పీకర్ గడ్డం ప్రసాద్ కుమార్‌కు మూడు నెలల గడువు పెట్టింది. గడువు దాటడంతో నవంబర్‌లో కోర్టు ధిక్కార పిటిషన్‌పై నోటీసులు కూడా వచ్చాయి. చివరకు డిసెంబర్ 17న ఐదుగురిపై పిటిషన్లను స్పీకర్ కొట్టేశారు. తెల్లం వెంకట్రావు, బండ్ల కృష్ణమోహన్ రెడ్డి, ప్రకాశ్ గౌడ్, గూడెం మహిపాల్ రెడ్డి, అరెకపూడి గాంధీ పార్టీ మారారనడానికి ఆధారాలు లేవన్నది ఆయన నిర్ణయం. ఆ రోజుకు మిగతా ఐదుగురి కేసులు పెండింగ్‌లోనే ఉన్నాయి.

ఆ మిగిలిన వాటిలో దానం నాగేందర్ కేసు ఉంది. ఆయన 2024లో సికింద్రాబాద్ ఎంపీ సీటుకు కాంగ్రెస్ బీ ఫామ్‌పైనే పోటీ చేశారు. కడియం శ్రీహరి కేసూ ఉంది. ఆయన కూతురు కావ్యను వరంగల్ ఎంపీ అభ్యర్థిగా మొదట బీఆర్ఎస్ ప్రకటించింది. ఆమె తప్పుకుని కాంగ్రెస్ తరఫున పోటీ చేసి గెలిచారు.

ప్రతిపక్షం ఎవరు? పీఏసీ రచ్చ

ఈ గందరగోళం ఎంత దూరం వెళ్తుందో చెప్పే ఎగ్జాంపుల్ పబ్లిక్ అకౌంట్స్ కమిటీ. ప్రభుత్వ ఖర్చులపై కాగ్ రిపోర్టులను పరిశీలించేది ఈ కమిటీనే. సంప్రదాయంగా చైర్మన్ పదవి ప్రతిపక్షానికి ఇస్తారు. 2024 సెప్టెంబర్‌లో ఆ పదవి అరెకపూడి గాంధీకి దక్కింది. రికార్డు ప్రకారం ఆయన బీఆర్ఎస్. కానీ ఆయన కాంగ్రెస్‌లో చేరారని బీఆర్ఎస్ అప్పటికే ఫిర్యాదు చేసింది. గాంధీ, కౌశిక్ రెడ్డి మధ్య సవాళ్లు విసురుకునే దాకా వెళ్లింది వ్యవహారం.

చూడ్డానికి ఇది ఇద్దరు నేతల గొడవ. కానీ దీంట్లో పెద్ద ప్రశ్న ఉంది. ప్రభుత్వ ఖర్చును ప్రశ్నించే కుర్చీలో ఎవరు కూర్చోవాలో ఎవరు తేల్చాలి? ప్రతిపక్షం 'మావాడు కాదు' అంటోంది. రికార్డు 'మీవాడే' అంటోంది. నష్టం ఆ రెండు పార్టీలకే కాదు, ఆ లెక్కలు ఎవరైనా అడుగుతారని ఓటేసిన జనానికి కూడా.

లోపల ఉండి మాట్లాడితే?

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. 2025 ఏప్రిల్ 27న హనుమకొండ జిల్లా ఎల్కతుర్తిలో బీఆర్ఎస్ రజతోత్సవ సభ జరిగింది. ఆ తర్వాత కవిత తండ్రికి ఒక లెటర్ రాశారు. సభలో ఏది బాగుంది, ఏది బాగాలేదు అని పాయింట్ల వారీగా రాసిన ఫీడ్‌బ్యాక్ అది. బీజేపీపై తక్కువ సేపు మాట్లాడారని, బీసీ రిజర్వేషన్ల వంటి అంశాలు ప్రస్తావించలేదని అందులో ఉంది. మే నెలలో ఆ లెటర్ లీకైంది. సొంతంగా నాయకుడికి రాసిన లెటర్ బయటకు ఎలా వచ్చిందని కవిత ప్రశ్నించారు. కేసీఆర్ దేవుడే గానీ చుట్టూ దెయ్యాలున్నాయన్న ఆమె కామెంట్ హాట్ టాపిక్ అయింది.

ఆగస్టులో సింగరేణి కార్మిక సంఘం టీబీజీకేఎస్ గౌరవాధ్యక్ష పదవి ఆమె చేజారింది. సెప్టెంబర్ 1న కాళేశ్వరం వ్యవహారంలో హరీశ్ రావు, సంతోష్ కుమార్‌లపై ఆమె నేరుగా ఆరోపణలు చేశారు. సెప్టెంబర్ 2న పార్టీ వ్యతిరేక కార్యకలాపాల పేరుతో సస్పెన్షన్ పడింది. 3న ఆమె పార్టీకి, ఎమ్మెల్సీ పదవికి రాజీనామా ప్రకటించారు. తన ప్రస్థానం తెరిచిన పుస్తకమని, ఆరోపణల విషయం ఆమె విజ్ఞతకే వదిలేస్తున్నానని హరీశ్ తర్వాత స్పందించారు.

ఆమె ఆరోపణల్లో నిజమెంత అన్నది వేరే చర్చ. సొంత పార్టీ నేతలపై ప్రెస్‌మీట్ పెడితే ఏ పార్టీ అయినా యాక్షన్ తీసుకుంటుందనే వాదనా ఉంది. కానీ గమనించాల్సిన విషయం ఒకటుంది. లెటర్ స్టేజ్‌లో ఆమె మాట్లాడింది లోపలే. ఆ మాటకు లోపల జవాబు దొరికే వేదిక కనబడలేదు. అది లీకయ్యాకే ప్రెస్‌మీట్‌ల దాకా వచ్చింది.

దీనికి చట్టం సమాధానం ఉందా? దాదాపు లేదు. పార్టీ రిజిస్టర్ కావాలంటే నియమావళి ఉండాలి, రాజ్యాంగానికి కట్టుబడతామని అందులో రాయాలి. అంతవరకే. అసమ్మతి నేత మాట ఎవరు వినాలి, సస్పెన్షన్‌పై ఎక్కడ అప్పీల్ చేయాలి అన్నది పార్టీ ఇష్టం. పైగా పార్టీ బహిష్కరించినా ఎమ్మెల్యే, ఎంపీ ఆ పార్టీ సభ్యుడి కిందే లెక్క అని 1996లో విశ్వనాథన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే పార్టీ గెంటేయొచ్చు గానీ, ఆయన ఇంకో పార్టీలో చేరితే మాత్రం పదవి పోతుంది.

అంటే పదో షెడ్యూల్ బయటకు వెళ్లే తలుపు దగ్గర కాపలా పెట్టింది. లోపల మాట్లాడుకునే గది కట్టలేదు. ఆ కాపలా కూడా ఎప్పుడు పని చేయాలో స్పీకర్ చేతుల్లో ఉంది.

కుర్చీ ఒకటి.. చూపులు ఎన్నో

కవిత ఎపిసోడ్ ఒక్కరితో మొదలై ఒక్కరితో అయిపోయేది కాదు. అధికారంలో ఉన్నంతకాలం బీఆర్ఎస్‌లో 'తర్వాత ఎవరు' అన్న ప్రశ్న బయటకు రాలేదు. కేటీఆర్ 2018 డిసెంబర్ నుంచి వర్కింగ్ ప్రెసిడెంట్. హరీశ్ రావు పార్టీకి ట్రబుల్ షూటర్. కవితకు తెలంగాణ జాగృతి ఉంది. ముగ్గురికీ పనులున్నాయి, అందరిపైనా కేసీఆర్ ఉన్నారు.

ఓటమి తర్వాత కేసీఆర్ ఎక్కువగా ఎర్రవల్లి ఫామ్‌హౌస్‌కే పరిమితమయ్యారు. ప్రతిపక్ష నేత అయినా అసెంబ్లీకి వచ్చింది అరుదు. పెద్దాయన కనబడనప్పుడు సహజంగానే అందరి చూపూ కుర్చీ మీద పడుతుంది. 2025 మేలో హరీశ్ స్వయంగా క్లారిటీ ఇచ్చారు. కేటీఆర్‌కు కేసీఆర్ పార్టీ పగ్గాలు ఇస్తే స్వాగతిస్తానన్నారు. విధేయతను చెప్పి మరీ నిరూపించుకోవాల్సి రావడమే ఆ టైమ్‌లో పార్టీ లోపలి వాతావరణాన్ని చెబుతుంది.

ఈలోగా ఓటరు కూడా తన మాట చెప్పేశాడు. మాగంటి గోపీనాథ్ మరణంతో జూబ్లీహిల్స్‌లో ఉప ఎన్నిక వచ్చింది. నవంబర్ 14న వచ్చిన రిజల్ట్‌లో బీఆర్ఎస్ తన సిట్టింగ్ సీటును 24 వేలకు పైగా ఓట్ల తేడాతో కాంగ్రెస్‌కు కోల్పోయింది.

ఏపీలోనూ ఇదే సినిమా

ఇది బీఆర్ఎస్ ఒక్కదాని కథ అనుకుంటే పొరపాటే. 2014లో ఏపీలో వైసీపీ 67 సీట్లు గెలిచింది. ఆ టర్మ్‌లో 23 మంది ఎమ్మెల్యేలు టీడీపీ వైపు వెళ్లారు. వాళ్లలో నలుగురు 2017లో మంత్రులయ్యారు. 2019లో అధికారం పోయాక టీడీపీకి దక్కింది సరిగ్గా 23 సీట్లే. కొద్ది రోజుల్లోనే ఆ పార్టీకి రాజ్యసభలో ఉన్న ఆరుగురిలో నలుగురు బీజేపీలో విలీనమయ్యారు. ఆరింటిలో నాలుగు అంటే మళ్లీ అదే మూడింట రెండొంతుల లెక్క.

2024లో వైసీపీ 11 సీట్లకు పడిపోయింది. ఏడాది తిరక్కుండానే పార్టీలో కీలక నేత విజయసాయి రెడ్డి రాజ్యసభకు రాజీనామా చేశారు. కుటుంబ కోణం అక్కడా ఉంది. జగన్ జైల్లో ఉన్నప్పుడు పాదయాత్ర చేసిన చెల్లెలు షర్మిల, 2024 జనవరి నుంచి ఏపీసీసీ అధ్యక్షురాలిగా అన్నపైనే పోరాడుతున్నారు. పార్టీ, కుటుంబం ఒకటైన చోట రాజకీయ విభేదం ఇంట్లోకి, ఇంటి గొడవ పార్టీలోకి రావడానికి ఎక్కువ టైమ్ పట్టదు.

మరి వేరే దారి లేదా?

ఉంది. తెలంగాణలోనే ఉంది. 2001లో కేసీఆర్ టీడీపీతో విభేదించినప్పుడు డిప్యూటీ స్పీకర్ పదవితో పాటు ఎమ్మెల్యే పదవికీ రాజీనామా చేశారు. సిద్దిపేట ఉప ఎన్నికలో జనం ముందుకెళ్లి గెలిచారు. 2021లో కేబినెట్ నుంచి తొలగించిన తర్వాత ఈటల రాజేందర్ ఎమ్మెల్యే పదవి వదులుకుని, హుజూరాబాద్‌లో బీజేపీ తరఫున పోటీ చేసి గెలిచారు. 2022లో కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి కాంగ్రెస్‌ను వీడి, పదవికి రాజీనామా చేసి మునుగోడులో బీజేపీ అభ్యర్థిగా నిలబడ్డారు. ఓడిపోయారు. గెలుపోటములు పక్కన పెడితే, ఈ ముగ్గురి విషయంలో తీర్పు స్పీకర్ ఛాంబర్‌లో కాదు, పోలింగ్ బూత్‌లో వచ్చింది.

చట్టంలో మార్పులపై సూచనలూ పాతవే. ప్రభుత్వం నిలబడే, పడిపోయే ఓటింగ్‌లకు మాత్రమే విప్ వేటును పరిమితం చేయాలని 1990లోనే దినేశ్ గోస్వామి కమిటీ చెప్పింది. అలా చేస్తే మిగతా అంశాలపై సొంత పార్టీతో విభేదించే చాన్స్ సభ్యులకు దొరుకుతుంది. అనర్హతను స్వతంత్ర ట్రిబ్యునల్‌కు ఇస్తే సొంత పార్టీ ప్రభుత్వానికి మేలు చేశారన్న మాట స్పీకర్‌కు తప్పుతుంది. ఈ రెండూ ఇంకా కాగితం మీదే ఉన్నాయి. కారణం కూడా సింపుల్. ఇవాళ ప్రతిపక్షంలో ఉండి మార్పు అడిగే పార్టీ, రేపు అధికారంలోకి వస్తే పాత రూలే సౌకర్యంగా ఉందనుకుంటుంది. పదేళ్ల తెలంగాణ రికార్డు చూపిస్తోంది అదే.

ఇక పార్టీల విషయానికొస్తే, విప్‌తో ఓట్లు వేయించొచ్చు గానీ ఓడిపోయిన టైమ్‌లో మనుషులను నిలబెట్టలేరు. నాయకుడి మొహం మీద తప్పు చెప్పగలిగే చోటు పార్టీ ఆఫీసులో ఉంటే, ఆ మాట ప్రెస్‌మీట్ దాకా రాదు. ఆ చోటు ఉంచాలా వద్దా అన్నది ఏ కోర్టూ, ఏ స్పీకరూ చెప్పే విషయం కాదు. పార్టీ అధ్యక్షుడే తేల్చుకోవాలి.